మా అమ్మాయి స్కూల్లో వంట క్లబ్: నా అభిప్రాయం

అన్నిటికంటే నాకు నచ్చింది వీళ్లు కత్తి పట్టడం నేర్పే పద్ధతి. ముందు మెత్తటి పండ్లు, చేయి కుదిరాకే గట్టి కూరగాయలు. వేళ్ల కొసలు లోపలికి మడిచి పట్టుకోవాలని ప్రతి క్లాసులో గుర్తు చేస్తారు. ఇప్పుడు ఇంట్లో మా అమ్మాయి కూర తరుగుతుంటే నాకు టెన్షన్ లేదు.

సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగితేనే బల్ల దగ్గరికి రానిస్తారు. పచ్చి మాంసానికో పలక, కూరగాయలకో పలక. వండింది 2 గంటలకు మించి బయట ఎందుకు ఉంచకూడదో కూడా చెప్తారు: 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా తొందరగా పెరుగుతుంది. అలర్జీల వివరాలు చేరేరోజే రాయించుకున్నారు.

భిన్నాలంటే భయపడే పిల్ల, అరకప్పు గిన్నె దొరక్కపోతే పావుకప్పుతో రెండుసార్లు కొలిచి పోసిందట! ఎంత సంతోషమేసిందో. క్యారెట్ ముట్టనిది, తను తరిగిందే కదా అని రుచి చూసింది. కొత్త రుచి అలవాటవడానికి కొందరు పిల్లలకు పదిసార్లకు పైనే పడుతుంది. ఇక్కడ తినమని బలవంతపెట్టరు, అదే సరైన పని.

ఒకటే లోటు. అంతమంది పిల్లలకు పొయ్యి దగ్గర ఒక్క టీచరే ఉంటున్నారు. ఇంకొకరిని పెట్టమని అడిగాను. పెడితే మా చిన్నవాణ్ణి కూడా చేర్పిస్తాను.