యూదుల జోకుకి హైకూ మేలా, సెన్‌ర్యూ మేలా?

అమెరికా యూదులు ఇంగ్లిష్‌లో సరదాకి రాసుకునే ‘జ్యూయిష్ హైకూ’ల ధోరణిలో తెలుగులో నేనూ నాలుగు గిలికి మిత్రులకు పంపాను. అందరిదీ ఒకటే ప్రశ్న: “ఇవి హైకూలెలా అవుతాయి? సెన్‌ర్యూలు కదా?”

రూలు ప్రకారం వాళ్లదే రైటు. రెండూ జపాన్ పద్యాలే, మూడు పాదాల్లో 5-7-5 అక్షరాలే. హైకూకి ఋతువు కావాలి, సెన్‌ర్యూకి మనిషి చాలు. కరాయి సెన్‌ర్యూ అనే ఆయన ఏరిన పద్యాలు 1765 నుంచి సంపుటాలుగా వచ్చాయి, ఆయన పేరే ప్రక్రియకి స్థిరపడింది. మనుషుల డాబూ కక్కుర్తీ దాని సరుకు. అలాంటప్పుడు, తన కష్టాలు చెప్పుకుని పిల్లల్ని నొప్పించే జోకుల్లోని యూదు తల్లికి అంతకన్నా సొంతిల్లు ఏముంటుంది? బల్బు మార్చడానికి ఎంతమంది యూదు తల్లులు కావాలి అని పాత జోకు. “ఎవరూ వద్దులే నాయనా, నేను చీకట్లోనే కూర్చుంటా” అని జవాబు. దాన్ని కుదిస్తే:

ఫోనే చేయవు
అయినా బాగున్నాలే
ఈ చీకట్లోనే

బాగానే ఉంది. కానీ సెన్‌ర్యూ అనగానే చదివేవాడు నవ్వడానికి సిద్ధమైపోతాడు. నా మట్టుకు తేల్చే విషయం ఇదే. హైకూ అంటే అదే మనిషి బాసింపట్టు వేసుకుని, గొంతు సవరించుకుని, బషో పాత హైకూలోలా కొలనులో కప్ప కోసం ఎదురుచూస్తాడు. ఆ మౌనంలోకి అమ్మ రావాలి:

చెర్రీ పూరేకు
చప్పుడు లేక రాలె
స్వెట్టరేదిరా?

మూడో పాదం దాకా నవ్వు జాడే లేదు. పైన ‘సెన్‌ర్యూ’ అని రాసి ఉంటే పూరేకు దగ్గరే అనుమానం వచ్చేది.

తంకా (5-7-5 కింద ఇంకో 7-7 ఉండే జపాన్ పద్యం) అడిగినవాళ్లూ ఉన్నారు. మిగిలిన 14 అక్షరాల్లో జోకుని వివరించడం తప్ప పనుండదు. ఇంగ్లిష్ ఐదు పాదాల సరదా పద్యం లిమరిక్‌లో ప్రాస ముందే గుట్టు విప్పేస్తుంది. మన తెలుగు చిన్న కవిత నానీ 20-25 అక్షరాలు, నాలుకకి హాయి, కానీ ఆ జపాన్ మొహం ఉండదు.

ఇక ఋతువు మాట. యూదుల పందిళ్ల పండుగ సుకోత్ శరత్తులో పౌర్ణమికి మొదలవుతుంది. జపాన్ హైకూలో ఉత్త ‘చంద్రుడు’ అన్నా శరత్తే! ఏడు రోజులు పందిట్లోనే భోజనం. కప్పు కొమ్మలూ ఆకులే, సందుల్లోంచి చుక్కలు కనిపించాలని ఆనవాయితీ. వానొస్తే ఎప్పుడు లేవచ్చు? సుమారు 1800 ఏళ్ల నాటి యూదుల ధర్మగ్రంథం మిష్నాలో కొలత ఉంది: జావ పాడయ్యేంత పడితే. పైగా ఓ పోలిక. యజమానికి గిన్నె అందించబోయిన నౌకరు మొహాన ఆయన కూజా కుమ్మరించాడట, పండుగ వాన అలాంటిదట. ఇంత ఋతువూ ఇంత వెటకారమూ ఒకే పందిట్లో దొరికాక దీని మీద మాత్రం ‘హైకూ’ అనే రాశాను, ఎవరేమన్నా సరే:

సుకోత్ పందిరి
సందుల్లోంచి చుక్కలు
సూపులో పడ్డాయ్