లివర్‌పూల్, లండన్, బర్మింగ్‌హామ్: బ్రిటిష్ రాక్ పుట్టిన గదుల వెంట

అరవై ఏళ్ల కిందటి పాటల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఇవాళ్టికీ బ్రిటన్‌కు ఎందుకు వస్తున్నారు? ఈ ప్రశ్నకు నాకు సమాధానం దొరికింది పెద్ద ప్రదర్శనశాలల్లో కాదు, లివర్‌పూల్ శివార్లలోని ఒక చిన్న ఇంటి ముందుగదిలో. బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్, క్వీన్, బ్లాక్ సబ్బాత్ వంటి బ్రిటిష్ రాక్ బృందాల పాటలు వింటూ పెరిగిన తెలుగువారు నగరాల్లో తక్కువేమీ కాదు. పిల్లల చదువుల కోసమో ఉద్యోగాల కోసమో బ్రిటన్ వెళ్లేవారు ఈ పాటల జాడలు చూడాలనుకుంటే డబ్బు, సమయం ఎక్కడ వెచ్చించాలో, ఎక్కడ ఆదా చేసుకోవాలో నా అనుభవం మేరకు రాస్తున్నాను.

ఫోర్త్‌లిన్ రోడ్డులోని 20వ నంబరు ఇల్లు నగరపాలక సంస్థ కట్టించి అద్దెకిచ్చిన వరుస ఇళ్లలో ఒకటి. బీటిల్స్‌లో ఒకడైన పాల్ మెకార్ట్నీ కుటుంబం 1955లో అందులోకి మారింది. మరుసటి ఏడాదే తల్లి మేరీ చనిపోగా, పత్తి వర్తక సంస్థలో పనిచేస్తూ ఒకప్పుడు సొంతంగా జాజ్ బృందం నడిపిన తండ్రి జిమ్ ఇద్దరు కొడుకులనూ అక్కడే పెంచాడు. ముందుగది గోడలకు అంటించిన రంగు కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు. చవగ్గా దొరికిన మిగులు ముక్కలతోనే ఆ కుటుంబం గదిని సర్దుకుంది. నేల మీది తివాచీ కూడా అలా అతికించినదే. చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆ ఇంటిని తీసుకుని 1998లో సందర్శకులకు తెరిచినప్పుడు ఈ అతుకులను దాచిపెట్టకుండా నాటి తీరులోనే తిరిగి అమర్చడం నాకెంతో నచ్చింది. కింద ఉన్న రేడియో నుంచి పిల్లల పడకగది దాకా తీగలు లాగి, రాత్రిపూట పాటలు వినేందుకు హెడ్‌ఫోన్లు అమర్చినవాడు ఆ తండ్రే.

ఆ గదిలో పాల్ తమ్ముడు మైక్ తీసిన ఫొటో ఒకటి ఉంది. బీటిల్స్‌లో మరొకడైన జాన్ లెనన్, పాల్ గిటార్లు పట్టుకుని ఎదురెదురుగా కూర్చుని, నేల మీద తెరిచిన నోటు పుస్తకంలోకి వంగి చూస్తుంటారు. పాల్ ఎడమచేతి వాటం వాడు కనుక ఇద్దరి గిటార్ల మెడలూ ఒకే వైపుకు తిరిగి, ఒకరు మరొకరికి అద్దంలో ప్రతిబింబంలా కనిపిస్తారు. బడి ఎగ్గొట్టి ఇద్దరూ పాటలు కట్టుకున్నది ఆ నాలుగు గోడల మధ్యే. ఖరీదైన వాద్యాలు, గురువులు, సంగీత కళాశాలలు ఏవీ లేకుండానే ఇంత పని జరిగిందని కళ్లారా చూసినప్పుడు, ఈ సంగీతం ప్రతి తరంలోనూ కొత్త పిల్లల చేత గిటార్ ఎందుకు పట్టిస్తోందో అర్థమవుతుంది. దీనికి కాలం కూడా కలిసొచ్చింది. 1939 అక్టోబర్ తర్వాత పుట్టిన యువకులకు నిర్బంధ సైనిక సేవ తప్పిపోవడంతో ఆ తరానికి బ్యాండ్లు కట్టుకుని తిరిగే వెసులుబాటు దక్కింది. 1956లో లానీ డొనెగన్ ఊపు తెచ్చిన స్కిఫిల్ సంగీతానికి చవకబారు గిటార్, బట్టలు ఉతికే గీతల పలక, టీ పెట్టెతో చేసిన బాస్ ఉంటే సరిపోయేది. అలాంటి ఒక స్కిఫిల్ బృందంతోనే జాన్ 1957 జులై 6న వుల్టన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి ఉత్సవంలో పాడాడు. పాల్ అతణ్ని మొదటిసారి కలిసింది ఆ రోజే.

జాన్‌ను పెద్దమ్మ మిమీ పెంచిన మెండిప్స్ ఇల్లు మెన్లవ్ అవెన్యూలో, ఇంకాస్త విశాలంగా, ముందు తోటతో ఉంటుంది. జాన్ భార్య యోకో ఓనో దాన్ని 2002లో కొని నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చింది. గిటార్ మోత భరించలేక మిమీ జాన్‌ను పంపేసిన ముందు వసారా చాలా ఇరుకు, కానీ అక్కడ స్వరం గోడలకు తగిలి చక్కగా మోగుతుంది. రెండు ఇళ్లనూ ట్రస్ట్ వారి మినీ బస్సు యాత్రలోనే చూడాలి, లోపల ఫొటోలు తీయనివ్వరు, బృందాలు చిన్నవి కనుక టికెట్లు ముందే అయిపోతాయి. విమాన టికెట్ తీసుకున్న వెంటనే ఈ టికెట్లు కూడా తీసుకోవడం మంచిది. మార్గదర్శకులు బట్టీపట్టిన పాఠం అప్పజెప్పరు. ప్రశ్న అడిగితే నిలబడి ఓపిగ్గా చెబుతారు. నా యాత్ర మొత్తంలో పెట్టిన డబ్బుకు పూర్తి విలువ దక్కిన సేవ ఇదే.

బీటిల్స్ తొలి రోజుల్లో పాడిన, మాథ్యూ స్ట్రీట్‌లోని కావెర్న్ క్లబ్ విషయంలో కొందరు పెదవి విరుస్తారు. 1957లో జాజ్ కోసం మొదలైన అసలు నేలమాళిగ 1973లో మూతపడింది. ఇప్పుడున్నది పాత స్థలంలో కొంత భాగాన్ని కలుపుకుని, పాత ఇటుకలను కూడా వాడి 1984లో తిరిగి కట్టినది. అయినా వెళ్లి తీరాలంటాను, ఎందుకంటే అక్కడ సంగీతం ఇంకా బతికే ఉంది. మధ్యాహ్నం పూట ఒక్క గిటారుతో ఒకాయన పాడుతుంటే తాతలు, వాళ్ల మనవలు పల్లవి అందుకోవడం చూశాను. పిల్లలకు ప్రతి మాటా వచ్చు. ఆల్బర్ట్ డాక్‌లోని బీటిల్స్ స్టోరీ ప్రదర్శనశాల కథ తెలియనివారికి ఉపయోగపడుతుంది గానీ, కథ తెలిసినవారికి అక్కడి నమూనా గదుల కంటే ఫోర్త్‌లిన్ రోడ్డే మేలు.

బస విషయంలో ఒక హెచ్చరిక. మాథ్యూ స్ట్రీట్ పక్కనే ఒక హోటల్‌లో దిగాం. శనివారం రాత్రి వీధిలోని కేకలు తెల్లవారుజాము దాకా ఆగలేదు. వెనక వైపు గది ఇమ్మని అడిగితే అదనంగా డబ్బు కట్టమన్నారు. మర్నాడు డాక్ వైపు మారాక ప్రాణం కుదుటపడింది. నడిచి వెళ్లగలిగిన దూరమే కనుక అటువైపు ఉండడమే ఉత్తమం. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారాంతాల్లో అద్దెలు బాగా పెరుగుతాయి. శాకాహారులకు బోల్డ్ స్ట్రీట్‌లో ఏ ఇబ్బందీ ఉండదు.

లండన్‌లో చాలామంది ముందుగా పరుగెత్తేది ఆబీ రోడ్డుకు. బీటిల్స్ ఆల్బమ్ అట్ట కోసం నలుగురూ రోడ్డు దాటుతుండగా 1969 ఆగస్టు 8న ఫొటో తీసిన ఆ జీబ్రా క్రాసింగ్‌ను 2010లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. వాహనాలు నిజంగానే తిరిగే రోడ్డు అది. ఫొటో కోసం మధ్యలో నిలబడితే డ్రైవర్లు హారన్ మోగిస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పక్కనున్న, బీటిల్స్ పాటలు రికార్డు చేసిన స్టూడియోలోకి మామూలుగా సందర్శకులను పంపరు. అభిమానులు ప్రహరీ మీద రాసే రాతలను మాత్రం అనుమతిస్తారు, అవి నిండాక మళ్లీ సున్నం వేస్తారు. మనవాళ్లలో చాలామంది ఈస్ట్‌హామ్‌లో దిగుతారు కనుక చెబుతున్నాను: ఆ దగ్గర్లోనే ఆబీ రోడ్ పేరుతో ఉన్న తేలికపాటి రైలు స్టేషన్‌కూ, ఈ క్రాసింగ్‌కూ ఏ సంబంధమూ లేదు. దిగాల్సింది జూబ్లీ లైన్‌లోని సెయింట్ జాన్స్ వుడ్. వెంబ్లీ పార్క్ దగ్గర బస చేస్తే అదే లైన్ మీద నేరుగా రావచ్చు, మన భోజనమూ దొరుకుతుంది, 1985 జులై 13న లైవ్ ఎయిడ్ సహాయ నిధి కచేరీ వేదిక మీద క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జనసముద్రాన్ని ఊపేసిన చోటూ అదే. పాత స్టేడియం ఇప్పుడు లేదు. పంచగని బడిలో చదువుకున్న కుర్రవాడు ఇంతమందిని పాడించాడని తలచుకుంటే ఆ కొత్త స్టేడియం ముందు కూడా ఒళ్లు పులకరిస్తుంది.

లండన్‌లో నన్ను ఎక్కువసేపు నిలిపింది బ్రూక్ స్ట్రీట్. 25వ నంబరులో శాస్త్రీయ సంగీతకర్త హాండెల్, రెండు శతాబ్దాల తర్వాత పక్కనే 23వ నంబరు పై అంతస్తులో రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ నివసించారు. హెండ్రిక్స్ అమెరికావాడే అయినా, అతణ్ని ముందుగా నెత్తిన పెట్టుకున్నది లండన్. రెండిళ్లూ ఒకే టికెట్ మీద చూడవచ్చు. జనం ఒత్తిడి తక్కువ, గదుల్లోని సిబ్బంది ఆప్యాయంగా మాట్లాడతారు.

బర్మింగ్‌హామ్‌ను యాత్రికులు వదిలేస్తుంటారు, అది అన్యాయం. ఆస్టన్ పేటలోని కార్మిక కుటుంబాల పిల్లలు బ్లాక్ సబ్బాత్‌గా ఏర్పడ్డారు. రేకుల కర్మాగారంలో యంత్రం కింద చెయ్యి పడి ఆ బృందపు గిటారిస్టు టోనీ ఐయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోతే, ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, నొప్పి తగ్గడానికి పల్చటి తీగలు వాడాడు, తర్వాత వాటి బిగువు కూడా తగ్గించాడు. హెవీ మెటల్ అనే రాక్ శైలి బరువైన నాదానికి ఆ గాయం కూడా ఒక కారణం. బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ వంతెన మీద ఆ నలుగురి ముఖాలున్న బెంచీ ఉంది. 2025 జులైలో ఆ బృందపు గాయకుడు ఆజీ ఆస్బోర్న్ మరణించాక జనం పూలు పరిచింది అక్కడే. చూడడానికి పైసా ఖర్చు లేదు.

ఈ ఊరికి సమీపంలోనే టివిడేల్ వేంకటేశ్వర స్వామి ఆలయం ఉంది కనుక కుటుంబంతో వచ్చినవారికి రెండు పనులూ ఒకే రోజులో అవుతాయి. న్యూ స్ట్రీట్ స్టేషన్ నుంచి లండన్ యూస్టన్‌కూ, లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్‌కూ నేరుగా రైళ్లున్నాయి. బర్మింగ్‌హామ్‌ను మధ్య మజిలీగా పెట్టుకుని టికెట్లు ముందే తీసుకుంటే చార్జీలు చాలా కలిసొస్తాయి. ఇద్దరు కలిసి ప్రయాణిస్తుంటే చార్జీలో రాయితీ ఇచ్చే టూ టుగెదర్ రైల్‌కార్డు కూడా తీసుకోవచ్చు, కాకపోతే వారపు రోజుల్లో ఉదయం రద్దీ వేళల్లో అది చెల్లదు.