డిమెన్షియాకు ముందు ఆయనెలాంటి మనిషి: ఫారమా, ముచ్చట్లా?

"మీ నాన్నగారు ఇదివరకు ఎలా ఉండేవారు?" అని, జ్ఞాపకశక్తీ ఆలోచనా సన్నగిల్లే డిమెన్షియా వచ్చినప్పుడు డాక్టర్ అడిగితే తడబడని ఇల్లు తక్కువ. తెలుసుకోవడానికి దారులు రెండు.

ఫారం అంటే ప్రశ్నావళి. మనిషి స్వభావంలోని ఐదు గుణాలను కొలిచే నియో-ఎఫ్‌ఎఫ్‌ఐలో 60 వాక్యాలుంటాయి, పెద్దదైన నియో-పీఐ-ఆర్‌లో 240. జబ్బుకు ముందటి మనిషిని తలచుకుని ఇంట్లోవాళ్లు నింపాలి.
ముచ్చట్లంటే పాత ఆల్బమ్, చాయ్, ఓపిక.

ఖర్చు: ఫారం కొనాలి, స్కోరు చూసే సైకాలజిస్టు కావాలి. ముచ్చట్లకు చాయ్ ఖర్చే.
సమయం: చిన్న ఫారానికి పావుగంట. ముచ్చట్లకు రెండు మూడు సాయంత్రాలు.

చిక్కు మాత్రం రెండింటిలోనూ ఒకటే: చెప్పేవాళ్ల జ్ఞాపకం. రాత్రంతా మేలుకున్న కోడలికి మామగారు ఎప్పుడూ మొండివాడే అనిపిస్తుంది, పాపం. అందుకే ఏది చేసినా ఇద్దరిని విడివిడిగా అడగాలి. అందులో ఒకరు చిన్ననాటి స్నేహితుడో చెల్లెలో అయితే మరీ మంచిది.

మలక్‌పేటలో మా పెదనాన్న రోజూ నాలుగింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళాల గుత్తితో గేటు దగ్గర నిలబడేవాడు. పారిపోతాడేమోనని మాకు టెన్షన్. పక్కింటి తాతగారు నవ్వి, "దుకాణం తెరిచే టైమయ్యా అది" అన్నారు. ఫారమైతే క్రమశిక్షణకు మంచి మార్కులేసి ఊరుకునేది.

స్వభావం నిజంగా మారిందా అని డాక్టర్ తేల్చాలంటే, ముఖ్యంగా మొదట ప్రవర్తనే మారే ఫ్రంటోటెంపోరల్ రకం డిమెన్షియా అనుమానముంటే, ఫారమే మేలు: అప్పటికోటి, ఇప్పటికోటి నింపి పోల్చొచ్చు. రేపు సాయంత్రం ఆయన్ను ఎలా కుదుటపరచాలన్నదే మీ బాధైతే ముచ్చట్లు.