వాసన లేకుండా లేత్ మెషిన్ తుడవాలంటే సబ్బు నీళ్లా, లిక్విడ్ పారఫినా?
కడప ఎండలకు తలుపులేసుకుని పనిచేసే చిన్న గదిలో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మెషిన్) తుడవడానికి కిరోసిన్ వాడితే తలనొప్పి ఖాయం. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో కలిపి తుడిస్తే పెయింట్ వేసిన బాడీ, ప్లాస్టిక్ పిడులు చక్కగా శుభ్రమవుతాయి, ఖర్చూ తక్కువే. కానీ లేత్ బెడ్ (మెషిన్ అడుగున ఉండే పొడవాటి దిమ్మ) పోత ఇనుము కదా, మనది పొడి ఊరే అయినా తడి మిగిలితే తుప్పు పట్టేస్తుంది. అక్కడ మాత్రం నా ఓటు మెడికల్ షాపులో దొరికే రంగులేని నూనె, లిక్విడ్ పారఫిన్‌కే: వాసన ఉండదు, పాత జిడ్డు మీద పూసి కాసేపు వదిలేస్తే మెత్తబడుతుంది, ఆ తర్వాత పాత టూత్‌బ్రష్‌తో గాడుల్లో రుద్దితే ఇనుప రజను నల్లటి ముద్దగా బయటికొస్తుంది. అయితే అది నీళ్లలా ఆరిపోదు, పొడి గుడ్డతో గట్టిగా తుడవకపోతే నాపరాయి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఏది వాడినా ముందు ప్లగ్ పీకండి, మోటార్‌లోకి చుక్క కూడా పోనివ్వొద్దు.