ప్రమాద విచారణకు ఏది మేలు: ఐదు ‘ఎందుకు’లా, ఫిష్‌బోనా, కాజ్ ట్రీనా?

సేఫ్టీ విభాగంలో కొత్తగా చేరినవాళ్లు పదేపదే అడుగుతున్నారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. పెద్ద ప్రమాదం సాధారణంగా పలు పరిస్థితులు కలిస్తేనే జరుగుతుంది. వాటన్నిటినీ పట్టుకునే పద్ధతేదన్నదే నాకు ముఖ్యం.

టయోటా నుంచి వచ్చిన ఐదు ‘ఎందుకు’లు, అంటే ప్రతి జవాబుకూ మళ్లీ ‘ఎందుకు’ అని అడుగుతూ వెళ్లడం, అందరికీ తెలిసిందే. కాగితం, పెన్ను ఉంటే చాలు. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో 167 మందిని బలిగొన్న పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫామ్ మీద దీన్ని ప్రయోగించి చూడండి. ఎందుకు పేలింది? కండెన్సేట్ (గ్యాస్ నుంచి వేరుపడే తేలికపాటి ద్రవ ఇంధనం) లీకైంది. ఎందుకు లీకైంది? సేఫ్టీ వాల్వ్ విప్పి ఉన్న పంపును నడిపారు. ఎందుకు నడిపారు? వాల్వ్ విప్పిన సంగతి రాత్రి షిఫ్టుకు తెలియదు. ఇంకొక్క ‘ఎందుకు’తో పర్మిట్ల (పని అనుమతి పత్రాల) దగ్గరికి, షిఫ్టు మార్పిడి దగ్గరికి చేరతాం. అక్కడితో అయిపోయిందనిపిస్తుంది. కానీ నీళ్లలో డైవర్లు పనిచేస్తున్నారని ఫైర్ పంపులను వాటంతటవే ఆన్ కాకుండా మాన్యువల్‌లో ఉంచిన విషయం ఈ వరసలో ఎక్కడా తగలదు. మంటలు లేచాక కూడా పక్క ప్లాట్‌ఫామ్‌ల నుంచి ఉత్పత్తి ఆగకపోవడమూ తగలదు. అంతమంది చనిపోవడానికి ఇవీ కారణాలే.

1970లలో ఫ్రాన్స్‌లో వృత్తి భద్రతపై పరిశోధించే ఐఎన్ఆర్ఎస్ సంస్థ రూపొందించిన కాజ్ ట్రీ ఈ ఇబ్బందిని మొదట్లోనే తప్పిస్తుంది. గాయం లేదా మరణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్తూ, ప్రతి మెట్టు దగ్గరా అడగాలి: ఇది జరగడానికి ఏం కావాల్సి వచ్చింది? అది లేకపోతే జరిగేది కాదా? అదొక్కటే సరిపోయిందా, ఇంకేమైనా తోడైందా? ఈ చివరి ప్రశ్నే కొత్త కొమ్మ వేయిస్తుంది. ఇంకో నియమం, జరిగిన విషయాన్నే రాయాలి. ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అని రాస్తే చెల్లదు, అది తీర్పు. ‘యంత్రం గార్డు (రక్షణ కవచం) తీసి ఉంది’ అని రాస్తే అదెందుకు తీసి ఉందో అడగక తప్పదు. నివేదికలో ‘నిర్లక్ష్యం’ అన్న మాట పడిందంటే చాలాసార్లు విచారణ అక్కడికే ముగిసిందని నా అనుమానం. కాకపోతే దీనికి సమయం పడుతుంది, చూసినవాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

ఇషికావా ఫిష్‌బోన్, అంటే కారణాలను చేప ముళ్లలా గీసే బొమ్మ, మీటింగులో ఏదీ మరిచిపోకుండా చూసుకోవడానికి పనికొస్తుంది. మనిషి, యంత్రం, పదార్థం, పద్ధతి అని ముళ్లు గీస్తారు గానీ ఏది దేనితో కలిసిందో ఆ బొమ్మ చెప్పదు. ‘శిక్షణ లోపం’ మాత్రం ఏదో ఒక ముల్లుకు తప్పక వేలాడుతుంది.

పేరు దగ్గరగా ఉన్నా ఫాల్ట్ ట్రీ వేరు. వైఫల్యం ఏయే దారుల్లో రావచ్చో ముందుగా లెక్కగట్టే ఈ పద్ధతి 1962లో బెల్ ల్యాబ్స్‌లో మినిట్‌మ్యాన్ క్షిపణి కోసం పుట్టింది. డిజైన్ దశలో, వైఫల్య రేట్లు చేతిలో ఉంటే వాడండి.

వేలికి చిన్న గాయమైతే ఐదు ‘ఎందుకు’లే చాలు. కానీ ప్రతి జవాబు దగ్గరా ‘ఇంకేమైనా తోడైందా?’ అని అడగండి. రెండో జవాబు వచ్చిందంటే కాజ్ ట్రీ గీయడం మొదలుపెట్టండి.