కుక్కపిల్ల ఆడుతూ ఆడుతూ పళ్ళు పెట్టేస్తోందా? అరవడం, మూతి మీద కొట్టడం, బొమ్మ ఇవ్వడం, లేచి వెళ్ళిపోవడం: ఏది మేలు?

మా గవ్వ మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. ఊరకుక్కే, ఇప్పుడు అందరూ ఇండీ అంటున్నారు కదా అదే. తెచ్చినప్పుడు ఐదు నెలలుంటాయని డాక్టరు గారు పళ్ళు చూసి చెప్పారు. విశాఖ ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు ఫ్లాటు మాది, అమ్మ, నేను, అన్నయ్య వాళ్ళు, వాళ్ళ ఏడేళ్ళ పాప. ఫస్ట్ వారం మంచం కింద నుంచి బయటికి రాలేదు, రెండో వారం నుంచి ఇల్లంతా దానిదే, ఎవరు తలుపు తీసినా గాల్లోకి ఎగరడం, చేతులు నోట్లో పెట్టుకోవడం, పాప పరిగెడితే మడమలు పట్టుకోవడం. కోపంతో కాదు, తోక ఊపుతూనే. కానీ పళ్ళు సూదుల్లాగుంటాయి. "ఏటే ఇది, సెయ్యంతా గీసీసింది" అని అమ్మ చెయ్యి చూపిస్తే నాకు చాలా బాధేసింది, ఎందుకంటే కుక్కని తెద్దామన్నది నేనే.

అప్పట్నుంచి తలో సలహా. అన్నీ చూశాం, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి కొట్టడం. కింద ఫ్లాటు అంకుల్ "మూతి మీద ఒక్కటి ఇవ్వమ్మా, దెబ్బకి మానేస్తుంది" అన్నారు. ఆయన మంచికే చెప్పారు, వాళ్ళ చిన్నప్పుడు పెరట్లో కుక్కల్ని అలాగే పెంచారు. కానీ ఇది వీధిలో పుట్టిన పిల్ల, ఎన్ని రాళ్ళు తిన్నదో మనకేం తెలుసు, చెయ్యి పైకి లేస్తే ఒదిగిపోయేది. అలాంటి దాన్ని కొడితే చెయ్యంటేనే భయం పడుతుంది, భయపడ్డ కుక్క ఇవాళ ఆటకి పెట్టిన పళ్ళని రేపు నిజంగా దింపుతుంది. ఇంకోటి, గుర్రుమన్నప్పుడల్లా కొడితే గుర్రుమనడం మానేస్తుందేమో గానీ లోపల భయం పోదు, అప్పుడు ఏ హెచ్చరికా లేకుండా కరుస్తుంది. మూతి గట్టిగా మూసి పట్టుకోవడం, మెడ పట్టి నేలకి నొక్కడం కూడా ఇదే లెక్క. దీని మీద నేను ఎవరితోనూ రాజీ పడను.

ఇంక "అబ్బా!" అని గట్టిగా అరవడం. కుక్కపిల్లలు కలిసి ఆడుకునేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట ఆపేస్తుంది, ఎంత నొక్కితే నొప్పో దానికి అలా తెలుస్తుంది, తల్లి దగ్గర్నుంచి మరీ తొందరగా విడిపోయిన పిల్లలకి ఈ పాఠం సరిగ్గా అందదు. అందుకే మనల్ని కూడా అరవమంటారు. కొన్ని కుక్కలు నిజంగానే ఆగిపోతాయి. మా గవ్వకి మాత్రం అమ్మ అరుపు, పాప కీచుమనడం రెండూ ఆటకి పిలుపులాగే వినిపించాయి, ఇంకా రెచ్చిపోయి మళ్ళీ పట్టుకునేది. కాబట్టి మెత్తటి స్వభావం ఉన్న పిల్లైతే రెండు మూడుసార్లు చూడండి, ఊరికే ఊగిపోయే రకం అయితే వదిలేయండి.

బొమ్మ చేతికివ్వడం, అంటే నోటికివ్వడం, చాలా బాగా పనిచేసింది, కాకపోతే టైం ముఖ్యం. నాలుగు నెలల దగ్గర్నుంచి ఏడు నెలల దాకా 28 పాలపళ్ళు ఊడి 42 పెద్దపళ్ళు వస్తాయి, చిగుళ్ళు సలుపుతాయి, కొరకొద్దంటే అది వినే వయసు కాదు, ఏం కొరకాలో మనమే చూపించాలి. పాత టవల్‌కి ముడేసి, తడిపి, ఫ్రీజర్‌లో పెట్టి ఇచ్చేదాన్ని, మన ఉక్కపోతకి దానికీ హాయి. ముక్కలు ఊడి మింగకుండా పక్కనే ఉండాలి. తలుపు తీసే ముందే తాడు బొమ్మ చేతిలో ఉంటే నోరు దాని మీదకి వెళ్తుంది. కరిచేశాక బొమ్మ ఇస్తే మాత్రం కరిస్తేనే బొమ్మ దొరుకుతుందని నేర్చుకుంటుంది, మేం పది రోజులు ఈ తప్పే చేశాం. తాడు లాగే ఆట ఆడితే కుక్కకి కోపం పెరుగుతుందంటారు గానీ మాకు అదే మేలు చేసింది, రూలు ఒక్కటే, పన్ను చేతికి తగిలితే తాడు కింద పడుతుంది, ఆట బంద్.

అసలు మార్పు తెచ్చింది నాలుగోది. పన్ను తగలగానే మాట్లాడకుండా, దాని మొహం చూడకుండా లేచి గదిలోంచి వెళ్ళిపోవడం, ఒక 30 సెకన్లు, తిరిగొచ్చి మామూలుగా ఆడడం. ఆడుకునే మనిషే మాయమైపోతే దానికంటే పెద్ద నష్టం దానికి లేదు. కుక్కని తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టడం కాదు, మనం వెళ్ళాలి, ఎందుకంటే బెల్టు పట్టుకుని లాక్కెళ్తే అదీ ఒక కుస్తీ అయిపోతుంది, తర్వాత చెయ్యి చూస్తేనే తప్పించుకు తిరుగుతుంది. వెనకాలే వచ్చి కాళ్ళు పట్టుకుంటుంటే ముందే ఒక తాడుతో హాల్లో ఒక చోట కట్టి, పక్కన కూర్చుని ఆడండి, కరిస్తే రెండడుగులు వెనక్కి జరిగితే చాలు. కట్టేసి వదిలేసి మాత్రం వెళ్ళకండి.

ఇందులో కష్టం ఏంటంటే ఫస్ట్ నాలుగైదు రోజులు కొరకడం పెరుగుతుంది, ఇదివరకు పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయట్లేదని ఇంకా గట్టిగా ట్రై చేస్తుంది. మేం అక్కడే మానేద్దామనుకున్నాం. పైగా ఇంట్లో అందరూ ఒకేలా ఉండాలి, నేను వెళ్ళిపోతుంటే అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి చేతులతో మూతి మీద తట్టి రెచ్చగొట్టి ఆడేవాడు, వాడికి చెప్పి ఆపించడానికే వారం పట్టింది. పాపకి వెళ్ళిపోవడం కుదరదు, పరిగెడితే వెంటపడుతుంది, అందుకని పాపకి "చెట్టులా నిలబడు" అని నేర్పాం, చేతులు కట్టుకుని, కదలకుండా. పెద్దవాళ్ళెవరూ లేకుండా ఇద్దర్నీ ఒక గదిలో వదల్లేదు.

కాబట్టి నా ఓటు బొమ్మ ముందు, వెళ్ళిపోవడం తర్వాత, రెండూ కలిపే. సగం కొరకడం నిద్ర చాలకేనని కూడా ఆలస్యంగా అర్థమైంది, ఈ వయసు కుక్కపిల్లలు రోజుకి 16 గంటల పైనే పడుకోవాలి, సాయంత్రం ఏడింటికి పిచ్చెక్కినట్టు తిరుగుతోందంటే ఆట కాదు, చీకటి గది కావాలి. వాకింగ్ కూడా పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు లేని టైంలో, తొందర పెట్టకుండా వాసనలు చూడనిస్తే ఇంటికొచ్చి హాయిగా పడుకుంటుంది. ఎండెక్కాక తారు మీద పాదాలు కాలతాయి.

ఆటలో అయినా సరే పన్ను గీత పడితే, రక్తం రాకపోయినా, వెంటనే సబ్బు నీళ్ళతో ధారగా 15 నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించండి, మనింటి కుక్కే కదా అని ఆగొద్దు. కొత్తగా తెచ్చిన దానికి ఇంతకుముందు టీకాలు పడ్డాయో లేదో తెలీదు, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. మా ఊళ్ళో అయితే కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రిలో, ఇంజక్షన్లు వేస్తారు. ఇంకా, ఒళ్ళు బిగుసుకుపోయి, గిన్నె దగ్గరకి రానివ్వకుండా, చూపు గుచ్చి కరిచేది ఆట కాదు, దానికి పైన చెప్పినవి వాడకుండా పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు గవ్వ తలుపు చప్పుడైతే పరిగెత్తుకెళ్ళి ముందు తాడు బొమ్మ తెచ్చుకుంటుంది, అది నోట్లో పెట్టుకునే తోక ఊపుతుంది. చుట్టాలు నలుగురైదుగురు ఒకేసారి వస్తే ఇంకా చేతులు పట్టుకుంటోంది, దానికోసం ఒక్కొక్కర్నీ విడివిడిగా లోపలికి రమ్మంటున్నాం. మొన్న ఆదివారం అమ్మ తనంతట తనే కింద కూర్చుని దానికి ఉడికించిన చికెన్ ముక్క అరచేతిలో పెట్టి ఇచ్చింది. పెదాలతో తీసుకుంది.