రెండు రాత్రుల జలపాతాల ట్రిప్: అరకు, మారేడుమిల్లి, జగ్దల్‌పూర్‌లలో ఏది మేలు?

చూడాల్సింది జలపాతమే అయితే ఛత్తీస్‌గఢ్‌లోని జగ్దల్‌పూర్. పిల్లలు, పెద్దవాళ్లతో కుటుంబం మొదటిసారి కొండలెక్కుతుంటే అరకు. సొంత బండి ఉండి, అడవిలో నీటి పక్కన ఓ పూట తీరిగ్గా కూర్చోవాలంటే మారేడుమిల్లి. ఇదీ మా లెక్క. అయితే మీరు వెళ్లే నెలను బట్టి ఈ లెక్క మారిపోతుంది కాబట్టి నెలతోనే మొదలుపెట్టాలి.

అరకు, మారేడుమిల్లి చుట్టుపక్కల జలపాతాలు చాలావరకు చిన్న గెడ్డలవి, కొండవాగులవి. వాటికి నీరందించే కొండ విస్తీర్ణం తక్కువ. వాన పడితే గంటల్లో ఉప్పొంగుతాయి, వాన ఆగిన కొన్ని వారాలకే సన్నబడతాయి. చిత్రకోట్ అలా కాదు. జగ్దల్‌పూర్‌కు 38 కి.మీ. దూరంలో ఇంద్రావతి నది మొత్తం సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో కిందికి దూకుతుంది. వానాకాలంలో దాని వెడల్పు 300 మీటర్ల దాకా ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు ఎర్రమట్టి రంగులో ఒకే తెరలా పడుతుంది. అక్టోబరు చివరికి నీరు తేరుకుని తెల్లటి పాయలుగా విడిపోతుంది. ఉధృతి చూడాలంటే మొదటి దశ, అందంగా ఫొటోలు రావాలంటే రెండోది. మార్చి దాటాక మాత్రం చిత్రకోట్‌ను నమ్ముకోవద్దు. ఒడిశాలో జోరా నాలా అనే వాగు వైపు నీరు మళ్లిపోవడం వల్ల ఎండాకాలంలో ఇంద్రావతి బాగా చిక్కిపోతుంది. 300 మీటర్ల జలపాతాన్ని ఊహించుకుని ఏప్రిల్‌లో వెళ్తే నల్లటి రాతిగోడ, దాని మీద నాలుగైదు ధారలు కనిపిస్తాయి.

మూడింటికీ కలిసొచ్చే కాలం సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు మొదటి రెండు వారాల వరకు. నీరుంటుంది, దారులు తెరిచి ఉంటాయి, కొండలు పచ్చగా ఉంటాయి. ఈ రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు కూడా వస్తుంటాయి. వాతావరణ శాఖ భారీ వర్ష సూచన ఇస్తే ట్రిప్ వాయిదా వేసుకోండి. గది అడ్వాన్స్ పోతుందని మాత్రం బయల్దేరొద్దు. డిసెంబరు, జనవరి నెలలు చలికీ మంచుకీ మంచివి, జలపాతాలకు కాదు. అరకుకు జనం ఎక్కువగా పోటెత్తేది సరిగ్గా అప్పుడే.

చేరే దారి

అరకు బలమంతా రైలే. విశాఖ నుంచి పొద్దున ఏడు గంటల లోపే బయల్దేరే కిరండూల్ పాసింజర్ కొత్తవలస దాటి, కొండ ఎక్కుతూ పదుల కొద్దీ సొరంగాల్లో దూరి వెళ్తుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కావాలంటే 60 రోజుల ముందు బుకింగ్ తెరుచుకున్న రోజే టికెట్ తీసుకోవాలి. శని, ఆదివారాలకైతే ఆలస్యం చేస్తే దొరకదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నేరుగా అరకులో దిగి, మర్నాడు బొర్రా గుహల కోసం మళ్లీ వెనక్కి వస్తారు. రానూపోనూ 70 కి.మీ. ఘాట్ దారి వృథా. బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగండి. విశాఖ నుంచో అరకు నుంచో మాట్లాడుకున్న టాక్సీని అక్కడికే రమ్మనండి. గుహలు చూసుకుని, అక్కడే జీపు మాట్లాడుకుని గోస్తని నది మీది కటికి జలపాతానికి వెళ్లి రండి. ఆఖరి దారి రాళ్లమయం కాబట్టి కారు పోదు, జీపు ఆగాక కొంత నడక కూడా ఉంటుంది. ఆ తర్వాత టాక్సీలో అనంతగిరి, గాలికొండ వ్యూ పాయింట్ మీదుగా చీకటి పడేలోపు అరకు చేరిపోవచ్చు.

రైలుతో ఇబ్బంది కూడా ఉంది. ఈ లైనులో ఖనిజం రైళ్ల రద్దీ ఎక్కువ, ఆలస్యం మామూలే. జోరువానల్లో కొండచరియలు, బండరాళ్లు పట్టాల మీద పడి రైళ్లు ఆగిపోతుంటాయి. కాబట్టి వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు పెట్టుకోండి. ఎస్.కోట మీదుగా విశాఖకు సుమారు 115 కి.మీ., మూడున్నర నుంచి నాలుగు గంటలు. అదే రాత్రి విశాఖలో హైదరాబాద్ రైలో విమానమో అందుకోవాలంటే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అరకు వదలాలి.

మారేడుమిల్లికి రైలు లేదు. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కి.మీ. ఆర్టీసీ బస్సులో ఊరు చేరవచ్చు గానీ, అక్కణ్నుంచి జలపాతాలకు వెళ్లడానికి బండి తప్పనిసరి. రంపచోడవరంలోనే ట్యాంకు నింపుకుని, నగదు తీసుకోండి. ఊరు దాటి అడవిలోకి వెళ్లాక ఫోన్ సిగ్నల్ పోతుంది, ఫోన్‌పే నమ్ముకుంటే టీ కూడా దొరకదు. మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

హైదరాబాద్, ఖమ్మం వైపు నుంచి భద్రాచలం, చింతూరు మీదుగా వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. చింతూరు–మారేడుమిల్లి ఘాట్‌ను పగటిపూటే దాటండి. 2025 డిసెంబరులో ఈ ఘాట్‌లోనే తెల్లవారుజామున యాత్రికుల బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. మలుపులు బిగుతుగా ఉంటాయి, మంచు దిగితే పది అడుగుల ముందు ఏముందో కనబడదు.

జగ్దల్‌పూర్‌కు రెండు దారులు. విశాఖ నుంచి అదే కిరండూల్ లైనులో పగటి పాసింజర్ ఎక్కితే సాయంత్రానికి చేరుస్తుంది, రాత్రి ఎక్స్‌ప్రెస్ అయితే పొద్దునకల్లా. సెలవు తక్కువైతే రాత్రి బండే మేలు, కానీ ఘాట్ అందాలు చీకట్లో పోతాయి. రెండోది భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి. భద్రాచలంలో పొద్దున్నే బయల్దేరి, సుక్మా జిల్లాను పగలే దాటేయాలి. ఈ దారిలో వచ్చేవాళ్లకు తీరథ్‌గఢ్ జలపాతం, కాంగేర్ లోయ జాతీయ వనం జగ్దల్‌పూర్ కంటే ముందే తగులుతాయి. వాటిని వచ్చేటప్పుడే చూసేస్తే మర్నాడంతా చిత్రకోట్‌కు మిగులుతుంది. ఊరికి ఇవి ఒక వైపు, చిత్రకోట్ ఇంకో వైపు. రెండింటినీ ఒకే మధ్యాహ్నంలో ఇరికిస్తే రెండూ సగం సగమే అవుతాయి.

జలపాతం దగ్గర ఏముంటుంది

నీటి విషయంలో అరకుకు మూడో స్థానమే. చాపరాయి చక్కటి చోటు, కానీ అది జలపాతం కాదు. పరుపులాంటి రాతి మీద జారే వాగు. పిల్లలు ఆడుకోవడానికి అనువే గానీ పాచి పట్టిన రాయి సబ్బులా జారుతుంది. రబ్బరు చెప్పులతో దిగొద్దు, అడుగున పట్టున్న శాండల్స్ వేసుకోండి. నీరు నల్లగా కనిపించే చోట రాతిలో గుంతలుంటాయి, అటు పోనివ్వొద్దు. అరకు దగ్గర సిసలైన జలపాతం కావాలంటే కటికి. లేదా రెండో రోజు పాడేరు దాటి జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతం. దీనికి మెట్లున్నాయి కాబట్టి కాస్త నడవగలిగే పెద్దవాళ్లూ వెళ్లొచ్చు. కొత్తపల్లి పెట్టుకుంటే రెండో రాత్రి బస పాడేరులో చేయండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంజంగి కొండెక్కితే, చలికాలంలో కాళ్ల కింద మేఘాలు పరుచుకుని ఉంటాయి. వానాకాలంలో వంజంగి వద్దు, అప్పుడు మీరే మేఘం లోపల ఉంటారు, ఏమీ కనిపించదు.

మారేడుమిల్లిలో జలతరంగిణి భద్రాచలం రోడ్డు పక్కనే, ఏడెనిమిది కిలోమీటర్లలో ఉంటుంది. అమృతధార ఇంకొంచెం ముందుకు పోయి, రోడ్డు దిగి అడవిలో నడవాలి. అంచెలంచెలుగా పడుతుంది, నన్ను అడిగితే ఈ చుట్టుపక్కల అదే బాగుంటుంది. వచ్చేదారిలో రంపచోడవరం దగ్గర రంప జలపాతాన్ని, పాత శివాలయాన్ని గంటన్నరలో చూసేయొచ్చు. గుడిస గడ్డికొండలకు మాత్రం స్థానిక జీపే మాట్లాడుకోండి. నేలకు దగ్గరగా ఉండే కార్లకు ఆ దారిలో కింద రాయి తగులుతుంది. అనుమతులు, వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే అటవీశాఖ వాళ్లను అడగండి. బొంగులో చికెన్ తినాలంటే జలపాతానికి వెళ్లేముందే చెప్పి వెళ్లండి. బొంగు నిప్పుల మీద నింపాదిగా కాలాలి, వచ్చాక చెబితే ఆకలితో ఎదురుచూడాలి.

ఇక మారేడుమిల్లిలోనే అన్నిటికన్నా జాగ్రత్త అవసరం. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర వాగు ఒక్కసారిగా పొంగి వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు, ముగ్గురు చనిపోయారు. మీరున్న చోట ఎండ కాస్తుండగానే పై కొండల మీద కురిసిన వాన నిమిషాల్లో కిందికి వచ్చేస్తుంది, నిటారు రాతి వాలు నీటిని పట్టి ఉంచదు. గుర్తులు నేర్చుకోండి: తేటనీరు ఎర్రబారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా అవతలి గట్టుకు కాదు, ఉన్న వైపే పైకి ఎక్కాలి. బ్యాగు కోసం, చెప్పుల కోసం వెనక్కి వెళ్లొద్దు. మధ్యలో బండ మీద కూర్చుని ఫొటో దిగేవాళ్లకే ముప్పు ఎక్కువ, ఎందుకంటే రెండు వైపులా దారి మూసుకుపోతుంది.

జగ్దల్‌పూర్‌లో చిత్రకోట్‌ను చూడటానికి నడవాల్సిన పనే లేదు, గట్టు మీద నిలబడితే చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది పెద్ద వరం. నీరు తగ్గాక జలపాతం అడుగు దాకా పడవలు తిప్పుతారు, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. ఛత్తీస్‌గఢ్ టూరిజం బస అక్కడే ఉంది. ఒక రాత్రి జగ్దల్‌పూర్‌లో కాక ఇక్కడే ఉంటే సాయంత్రం వెలుగు, తెల్లవారి పొగమంచు రెండూ దక్కుతాయి. తీరథ్‌గఢ్ ఇందుకు పూర్తిగా వేరు: కాంగేర్ లోయలో సుమారు 90 మీటర్ల ఎత్తు నుంచి మెట్లుమెట్లుగా జారే ధార. అడుక్కి దిగడానికి చాలా మెట్లున్నాయి. దిగేటప్పుడు తెలియదు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. గుండె జబ్బున్నవాళ్లు పై నుంచే చూడటం మంచిది. దగ్గర్లోని కుటుమ్‌సర్ గుహను వానాకాలంలో మూసేస్తారు, గుహ కూడా కావాలంటే నవంబరుకు పెట్టుకోండి.

దసరా రోజుల్లో జగ్దల్‌పూర్ వెళ్లేవాళ్లు గదులు ముందే చూసుకోవాలి. 75 రోజులు సాగే బస్తర్ దసరాలో ఆఖరి పది రోజులు ఊరు కిక్కిరిసిపోతుంది. దంతేశ్వరి అమ్మవారి ఈ పండుగను నడిపిన బస్తర్ రాజులు తమ వంశాన్ని ఓరుగల్లు కాకతీయులతో, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడితో కలిపి చెప్పుకున్నారు. తెలుగువాళ్లు ఆ పండుగలో లాగే రథాన్ని ఒక్కసారైనా చూడాలి.

ఘాట్ మీద బండి

ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, ఎక్కువగా రెండో గేరే. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచి దిగితే వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడుతుంది, ఇక తొక్కినా ఆగదు. ఆటోమేటిక్ కారైతే ‘ఎల్’ లేదా మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. మాడు వాసన వస్తే పక్కన ఆపి అరగంట చల్లారనివ్వండి, చక్రం మీద నీళ్లు పోయొద్దు, వేడి డిస్క్ వంకర పోతుంది. హెయిర్‌పిన్ మలుపు ముందు హారన్ కొట్టి, ఎక్కే బండికి దారివ్వండి. మంచులో హై బీమ్ వేస్తే కాంతి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది, లో బీమ్ వాడండి.

వాంతులు అయ్యేవాళ్లు పూరీలు మాని ఇడ్లీ తిని, బయల్దేరే అరగంట ముందు మాత్ర వేసుకోవాలి. పిల్లలకు మోతాదు డాక్టర్‌నే అడగండి. మూడూ మలేరియా ఉన్న ప్రాంతాలే. సాయంత్రం నుంచి పూర్తి చేతుల చొక్కా, దోమల క్రీము వాడండి. తిరిగొచ్చిన నెల లోపు చలిజ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టర్‌కు ముందుగా చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

అరకు, మారేడుమిల్లి రెండూ ఒకే ట్రిప్‌లో చుట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. మ్యాప్‌లో చూస్తే పాడేరు, లంబసింగి, కొయ్యూరు, రంపచోడవరం మీదుగా ఒకే గీతలా కనిపిస్తుంది. రాజమండ్రి నుంచి అరకు మీదుగా విజయనగరం వైపు వెళ్లే జాతీయ రహదారి 516ఇ కూడా ఆ దారినే పోతుంది. కానీ అంతా కొండదారే, ఒక పగలంతా బండిలోనే గడిచిపోతుంది. నాలుగు రాత్రులుంటేనే ఆ ఆలోచన చేయండి. రెండు రాత్రులే ఉంటే ఒక్క చోటే చూడండి, ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే కొండ దిగడం మొదలుపెట్టండి.